బెంచీలో రెండో కుర్చీ

నేను ఒక ఇనప మడత కుర్చీని. ఈ మాట వినగానే మీ ముఖంలో కనిపించే నిరుత్సాహం నాకు అలవాటే. ఏ సింహాసనమో, కనీసం పడక్కుర్చీయో మాట్లాడుతుంటే చెవులు రిక్కించేవారు. ఫర్వాలేదు. మీరంతా ఎప్పుడో ఒకప్పుడు నా మీదనో నా తోబుట్టువుల మీదనో కూర్చున్నవారే, లేచాక మమ్మల్ని మరిచిపోయినవారే. కాసేపు నా మాట వింటే పోయేదేమీ లేదు.

నేను పుట్టింది కాకినాడ జగన్నాథపురంలో, ఒక వెల్డింగ్ షాపులో. నన్ను చేసిన మేస్త్రీ టీకి వెళ్లే తొందరలో నా కాలు ఒకటి కాస్త పొట్టిగా కోశాడు. అందుకే నా మీద కూర్చుని ఎవరైనా ముందుకు వంగితే కిర్రుమంటాను. ఆ కిర్రుతోనే ఒక టెంట్ హౌస్‌కి అమ్ముడుపోయాను. వాళ్లు నా వీపు మీద ఎర్ర రంగుతో తమ పేరు రాయించి పెళ్లిళ్లకీ సభలకీ తిప్పారు. మనుషుల గురించి నాకు తెలిసిందంతా ఆ రోజుల్లో నేర్చుకున్నదే. ముందు వరసలో చోటు కోసం తోసుకొచ్చిన పెద్దమనిషి ఉపన్యాసం మొదలవగానే గుర్రుపెట్టేవాడు. మరొకాయన నా మీద రుమాలు వేసి ఎటో వెళ్లిపోయేవాడు. రుమాలు వేసి వెళ్లినవాడికి ఉన్న ధీమా నా మీద కూర్చున్నవాడికి కూడా ఎప్పుడూ చూడలేదు.

తర్వాత ప్లాస్టిక్ కుర్చీల కాలం వచ్చింది. టెంట్ హౌస్ వాళ్లు మమ్మల్ని వదిలించుకున్నారు. మాలో కొందరిని ఊళ్లో ఒక ఆడపిల్లల డిగ్రీ కాలేజీ తన ఆటల గదికి తీసుకుంది. అలా నేను బాస్కెట్‌బాల్ కోర్టు పక్కకి చేరాను.

ఆ ఆటలో బెంచీ అంటే బల్ల కాదు, కోర్టు గీత పక్కన వరసగా వేసిన కుర్చీలు. మొదటిది హెడ్ కోచ్‌ది, రెండోది అసిస్టెంట్ కోచ్‌ది, మిగతావి వంతు కోసం ఎదురుచూసే ఆటగత్తెలవి. మొదటి కుర్చీకి మెత్త ఉంది. రెండోది నేను. అక్కడ ఒక నియమం కూడా ఉంది. ఆట నడుస్తున్నంతసేపూ బెంచీ దగ్గర ఒక్క కోచే నిలబడాలి. మా దగ్గర ఆ ఒక్కరూ జోగారావు గారు. కాలేజీకి ఫిజికల్ డైరెక్టర్, అందరికీ మాస్టారు. భారీ మనిషి, అంతకంటే భారీ గొంతు. ఆయన మెత్త కుర్చీలో కూర్చోగా నేను ఎప్పుడూ చూడలేదు. ఆయన టోపీ మాత్రం దర్జాగా కూర్చునేది.

నా మీద కూర్చున్నది రత్నం. పూర్తి పేరు నూకరత్నం. అదే కాలేజీలో చదువుకుని, అదే కోర్టులో ఆడి, యూనివర్సిటీ జట్టుకి కెప్టెన్‌గా వెళ్లి, కోచింగ్ కోర్సు చేసి తిరిగి అక్కడికే అసిస్టెంట్‌గా వచ్చింది. ఎంత పొడుగంటే, నా మీద కూర్చుంటే ఆమె మోకాళ్లు దాదాపు గడ్డానికి తగిలేవి.

హెడ్ కోచ్ ఏం చేస్తాడో లోకానికి తెలుసు. అసిస్టెంట్ కోచ్ ఏం చేస్తుందో నన్నడగండి. బంతులకు గాలి కొడుతుంది. బెణికిన మడమలకు పట్టీ వేస్తుంది. పిల్లను పొరుగూరి పోటీలకు పంపనన్న తండ్రి ఇంటికి వెళ్లి, పెట్టిన పులిహోర తిని, ఆయన ఊఁ అనేదాకా అక్కడినుంచి కదలదు. ఆట జరిగేటప్పుడు ఏ పిల్ల అలిసిపోయిందో, అవతలి జట్టులో ఎవరికి ఎడమచెయ్యి ఆడదో కనిపెట్టి మాస్టారి చెవిలో వేస్తుంది. మాస్టారు ఆ మాటనే తన గొంతులో పోసి కోర్టులోకి విసిరేవారు. జనం మాస్టారి బుర్రను మెచ్చుకునేవారు. రత్నం నవ్వుకునేది. నాకే ఒళ్లు మండేది.

అలాగని ఆమెకు ఆశ లేదనుకోకండి. ఒకరోజు ప్రాక్టీసు అయ్యాక మెత్త కుర్చీ మీది టోపీ తీసి మాస్టారికి అందిస్తూ బయటపడిపోయింది.

“ఎప్పటికైనా ఆ గీత దగ్గర నిలబడి నా జట్టుని ఆడించాలండి మాస్టారూ.”

“నిలబడుదువుగాని,” అన్నారాయన. “ముందు కూర్చోవడం నేర్చుకోమ్మా.”

ఆయన అన్నది వెక్కిరింపు కాదు, నిజం. రత్నం కూర్చోలేదు. బంతి గాల్లోకి లేస్తే ఆమె కూడా లేచేది. మాస్టారు వెనక్కి తిరక్కుండానే చేత్తో కిందికి సైగ చేసేవారు. ఆమె ధబ్బున కూలబడేది. ఆ దెబ్బలన్నీ తిన్నది నేను.

రాజమండ్రిలో ఫైనల్ జరిగిన రోజు అది చేటు తెచ్చింది. ఆఖరి నిమిషం, మనవాళ్లు ఒక్క పాయింటు ముందున్నారు, బంతి కూడా మనదే. ఆమె లేచినందుకు రెఫరీ అప్పటికే హెచ్చరించి ఉన్నాడు. అవతలి పిల్ల ఒకతె మనవాళ్ల వెనకనుంచి దొంగచాటుగా వస్తుండడం రత్నం చూసింది. అంతే, నన్ను వెనక్కి తన్నేసి, గీత దాటి, చేతులూపుతూ కేక పెట్టింది. రెఫరీ ఈల వేసి టెక్నికల్ ఫౌల్ ఇచ్చాడు. దానికి వాళ్లకొక ఫ్రీ త్రో, అంటే ఎవరూ అడ్డుపడకుండా రింగులోకి వేసే బంతి. స్కోరు సమమైంది. ఆ గందరగోళంలో మన పిల్ల బంతిని తిన్నగా అవతలివాళ్ల చేతుల్లోకి విసిరింది. మరుక్షణం కప్పు వాళ్లది.

తిరుగు ప్రయాణంలో వ్యాను వెనక నన్ను మడిచి పెట్టారు. రత్నం నా పక్కనే కూర్చుని కిటికీ వైపు ముఖం తిప్పుకుని ఏడ్చింది. నాకు చాలా బాధేసింది. కాలు కుంటిది కాకపోయి ఉంటే ఇంకాస్త గట్టిగా పట్టుకునేదాన్నేమో అనిపించింది. మాస్టారు దారిలో వ్యాను ఆపించి అందరికీ టీ ఇప్పించి, రత్నం గ్లాసు తానే తెచ్చి అందించి, అప్పుడు అన్నారు.

“వచ్చే ఆటకి ఓ తువ్వాలు తెచ్చుకో. పొడుగుది.”

ఆ తర్వాతి ఆటకు మాస్టారు ఆ తువ్వాలుని రత్నం నడుం చుట్టూ తిప్పి, నా వీపు సందులోంచి దూర్చి, వెనక ముడి వేశారు. పిల్లలు పగలబడి నవ్వారు. రెఫరీ వచ్చి వంగి చూసి, కోచ్‌ని కుర్చీకి కట్టకూడదని నియమాల్లో ఎక్కడా లేదని తల గోక్కుంటూ వెళ్లాడు. ఆ రోజు గెలిచారు. ఆటలాడేవాళ్లకి ఒకసారి కలిసొచ్చిందంటే ఇక అది ఆచారమే. ముడి వేసే పని కెప్టెన్‌ది అయింది. కెప్టెన్లు మారారు గాని ముడి మారలేదు. నాకూ రత్నానికీ ఉన్నంత దగ్గరతనం ఏ మనిషికీ కుర్చీకీ ఉండి ఉండదు. ఆమె గుండె వేగంగా కొట్టుకుంటే ముందు నా వీపుకే తెలిసేది.

చూస్తుండగానే మాస్టారికి రిటైరయ్యే ఏడు వచ్చింది. హెడ్ కోచ్ పదవి రత్నానికివ్వమని ఆయన కాలేజీ కరస్పాండెంట్ గారిని అడిగారు. కరస్పాండెంట్ గారు మర్యాదస్తులు. రత్నం మంచిదేననీ, కాని ఆవేశపరురాలనీ, కప్పు పోగొట్టిన ఫౌల్ ఊరంతా గుర్తుందనీ అన్నారు. కుర్చీకి కట్టేసుకుంటే తప్ప తనను తాను ఆపుకోలేని మనిషి జట్టును ఎలా అదుపులో పెడుతుందని అడిగారు. విజయవాడలో ఎవరినో చూసి పెట్టారట. ఆటల గదిలో మాస్టారు ఈ సంగతి చెబుతుంటే రత్నం బంతికి గాలి కొడుతూనే ఉంది. పాపం ఆ బంతి పగిలిపోతుందేమోనని భయపడ్డాను.

అంతలో మాస్టారికి కంటి ఆపరేషన్ పడింది. ఆ ఏడు ఫైనల్ మా కోర్టులోనే. ఆ ఒక్క ఆటకీ హెడ్ కోచ్‌గా ఉండమని రత్నానికి చెప్పారు. కరస్పాండెంట్ గారు స్వయంగా వచ్చి చూస్తారనీ, ఆ తర్వాతే ఏ మాటైనా అనీ కబురు వచ్చింది. అంటే ఆమె ఆశంతా ఆ సాయంత్రం మీదే ఉందన్నమాట.

తీరా ఆ సాయంత్రం ఆమె చేసిన పని ఏమిటంటే, మెత్త కుర్చీని ఖాళీగా వదిలి అలవాటుగా వచ్చి నా మీద కూర్చుంది. కెప్టెన్ వీరమణి అలవాటుగా తువ్వాలు బిగించింది. ఆట మొదలైంది. నిలబడే హక్కు ఇప్పుడు రత్నానిదే, అయినా లేవలేదు. ముందు వరసలో కరస్పాండెంట్ గారున్నారు. రాజమండ్రి ఫౌల్ ఇచ్చిన రెఫరీయే ఈలతో తిరుగుతున్నాడు. తాను ఎంత అణకువగా ఉండగలదో చూపించాలని పళ్లు బిగపట్టి కూర్చుంది. పిల్లలు బంతి పట్టుకున్న ప్రతిసారీ గీత వైపు చూస్తున్నారు. అక్కడ ఎవరూ లేరు. సగం ఆట అయ్యేసరికి మనవాళ్లు బాగా వెనకబడ్డారు. విరామంలో ఆమె నా మీదినుంచే పిల్లలకు నీళ్ల సీసాలు అందించింది.

మళ్లీ ఆట మొదలైన కాసేపటికి వెనక కంచె దగ్గర నల్ల కళ్లద్దాలతో ఒక భారీ ఆకారం కనిపించింది. డాక్టరు ఇల్లు కదలొద్దన్నా మాస్టారు వచ్చేశారు. కంచె మీదికి వంగి, ఆ గొంతులో అంత మెల్లదనం ఉంటుందని నేను కలలో కూడా అనుకోలేనంత మెల్లగా అన్నారు.

“నిన్ను కూర్చోమన్నది నేనే కదమ్మా. ఇప్పుడు నేనే చెప్తన్నాను, లే. ఆ చోటు నీది.”

రత్నం ముందుకు వంగింది. నేను కిర్రుమన్నాను. ఆమె లేచింది.

నేనూ లేచాను. ముడి సంగతి ఇద్దరం మరిచిపోయాం. నేను మడత పడి ఆమె నడుముకు అతుక్కుని, టెంట్ హౌస్ పేరు జనానికి చూపిస్తూ గీతదాకా వెళ్లాను. పుట్టి బుద్ధెరిగాక నేను నేల విడిచి నిలబడ్డది అదే మొదటిసారి. ఆమెకు ఇవేవీ పట్టలేదు. బంతి వీరమణికి ఇవ్వమనీ, అవతలి పిల్లను ఎడమవైపుకి నెట్టుకెళ్లమనీ అరుస్తోంది. ఆ గొంతు మాస్టారి గొంతుకు ఏమాత్రం తీసిపోలేదు. ముందు చిన్నపిల్లలు నవ్వారు, ఆ తర్వాత కోర్టంతా నవ్వింది. బంతి బయటికి పోగానే రెఫరీ దగ్గరికొచ్చి నన్ను ఎగాదిగా చూశాడు.

“ఏటండీ మేడమ్, ఇది కూర్చున్నట్టా నిలబడ్డట్టా?”

“నిలబడ్డట్టేనండి. ఇవాళ నిలబడే హక్కు నాదే.”

“అయితే కుర్చీని దింపేయండి. పాపం దానికి లేదు.”

వీరమణి పరిగెత్తుకొచ్చి నవ్వు ఆపుకోలేక నానా తంటాలు పడి ముడి విప్పింది. కరస్పాండెంట్ గారు కూడా కండువా అడ్డం పెట్టుకుని నవ్వడం నేను చూశాను. ఆ నవ్వుతో పిల్లల భుజాల మీదినుంచి బరువేదో దిగిపోయినట్టయింది. ఇక చూడండి, ఒక్కో పాయింటూ లాక్కుంటూ వచ్చారు. చివర్లో అవతలి పిల్ల వీరమణిని మోచేత్తో పొడిచింది. రెఫరీ చూడలేదు. జనం లేచి గోల చేశారు. నేను రత్నాన్నే చూస్తున్నాను, ఇప్పుడు నా పట్టు కూడా లేదు. ఆమె కాలి వేళ్లు గీత అంచున ఆగాయి. రెఫరీ వైపు చూడనైనా చూడకుండా, వీరమణికి వెనక్కి రమ్మని సైగ చేసి అంది. “నీ ఆట నువ్వు ఆడవే.” వీరమణి ఆడింది. ఆఖరి బంతి రింగు మీద తిరిగి తిరిగి లోపల పడింది. కప్పు కోసం ఈసారి రాజమండ్రి వెళ్లక్కర్లేకపోయింది.

విజయవాడ మనిషికి కబురు వెళ్లలేదు. రత్నం హెడ్ కోచ్ అయింది. మెత్త కుర్చీ మీద ఇప్పుడు ఆమె తువ్వాలు దర్జాగా కూర్చుంటోంది. నన్నిక పాత ఇనుముకి వేస్తారనే అనుకున్నాను, ఎందుకంటే కొత్త అసిస్టెంట్ ఇంకా దొరకలేదు.

కొత్త ఏడాది మొదటి ఆట రోజున అసిస్టెంట్ దొరికారు. రిటైరైన మనిషి, ఇంట్లో పొద్దుపోక తానే అడిగి వచ్చారు. నా మీద కూర్చోగానే నా నాలుగు కాళ్లూ ఒకేసారి నేలకానాయి. ఇన్నేళ్లకు నా కుంటితనం తీరిందని తెగ సంబరపడ్డాను. అయితే ఆయనకు కూర్చునే అలవాటు లేదు. మొదటి బంతి గాల్లోకి లేవగానే ఆయనా లేచి, కోర్టు అదిరేలా పిల్లల్ని పిలిచారు. రెఫరీ ఈల నోట్లో పెట్టుకుని ఇటు చూశాడు.

రత్నం టైమవుట్ అడిగింది. మెత్త కుర్చీ మీది తువ్వాలు తీసుకుని మాస్టారి వెనక్కి వచ్చింది.

“ముందు కూర్చోవడం నేర్చుకోండి మాస్టారూ.”

ఆయన నల్ల కళ్లద్దాల కింద నవ్వుతూ చేతులు పైకెత్తారు. నడుం పెద్దది, తువ్వాలు చాలీ చాలకుండా వచ్చింది, అయినా ముడి మాత్రం రత్నం స్వయంగా వేసింది. ఆట మళ్లీ మొదలైంది. ఆమె గీత దగ్గరికి వెళ్లి నిలబడింది. నా మీద మాస్టారు ముందుకు వంగారు, నేను కిర్రుమన్నాను. ఆమె వెనక్కి తిరక్కుండానే చేత్తో కిందికి సైగ చేసింది.