సువార్త చేసిన మిషను

మిరపకాయల తొడిమలు తీసి వచ్చిన చేతులు ఎన్నిసార్లు కడిగినా మంట పోయేది కాదు. ఆ చేతులతోనే ఒకరోజు సువార్త ఏడాది బిడ్డ కళ్లు తుడిచింది. డోర్నకల్ దవాఖానకు చేరేదాకా పిల్ల గుక్కపట్టి ఏడుస్తూనే ఉంది. "తల్లివేనా నువ్వు?" అన్నాడు భర్త సురేందర్. ఆ మాటను అత్త ముత్తమ్మ వాడకట్టంతా మోసింది.

ఆ తర్వాతే సువార్త, చెయ్యి తగలకుండా తొడిమలు తీసే మిషను చెయ్యాలని, మూలన పడిన కుట్టుమిషను తొక్కుడు బల్లను బయటికి లాగింది. పాత సైకిల్ చువ్వలు వంచి, దువ్వెనలా పేర్చి దానికి బిగించింది. వంట, బట్టలు, కూలి అయ్యాక మిగిలిన కాస్త వెలుతురులోనే ఈ పని. "ఇనుప ముక్కలతోటి ఆటలేంది, పిల్లను ఆడిపియ్యరాదు?" అనేది ముత్తమ్మ. చువ్వలు నిటారుగా ఉంటే కాయ పగిలేది, మరీ వాలితే తొడిమ జారిపోయేది. ఎండాకాలమంతా వంచింది, విప్పింది. చివరికి కాయ చెదరకుండా తొడిమ ఒక్కటే ఊడిపడ్డప్పుడు, చెప్పుకోవడానికి ఎవరూ లేక చంటిదానికే చూపించింది.

మహబూబాబాద్‌లో కొత్త పనిముట్ల ప్రదర్శన పెడితే మిషను సురేందర్ పేరు మీద పోయింది. "నలుగుర్ల నువ్వేం మాట్లాడ్తవ్? నేను చెప్త తియ్యి. నువ్వు తొక్కు" అన్నాడు. ఆమె తొక్కింది. "మా ఇంటామె చేతులు మండుతుంటే నాకు నిద్ర పట్టలే సార్" అని అతను మైకులో చెబితే అందరూ చప్పట్లు కొట్టారు. ఆ మాట అబద్ధమైనందుకు కాదు ఆమెకు ఏడుపొచ్చింది. పెళ్లయిన ఇన్నేళ్లలో అదే మాట తనతో ఒక్కసారి అని ఉంటే, మిషను తానే అతని చేతుల్లో పెట్టేది కదా అనిపించి.

జనగామలో ఎవరో పెట్టుబడి పెట్టారు, అలాంటి మిషన్లు చేసే షెడ్డు లేచింది. నమూనాకని మిషనూ అక్కడికే పోయింది. సువార్త మళ్లీ కల్లంలో మిరప కుప్ప ముందు కూర్చుంది.

ఒక సాయంత్రం సురేందర్ పరేషాన్‌గా వచ్చాడు. "కొత్త మిషన్లల్ల కాయ నుగ్గయితుంది. నీది గూడ విప్పి చూసినం, మళ్ల బిగిస్తే పనిచేస్తలేదు. చువ్వలు ఎంత వంచినవో చెప్పు జర."

ఆమె అతని కంచంలో అన్నం వడ్డించింది. చెబితే కల్లంలో ఆడవాళ్లందరికీ ఈ బాధ తప్పుతుంది. చెబితే అది రేపటికల్లా అతని తెలివి అవుతుంది.

"నాకేమెరుక? చేసింది నువ్వే గద" అంది.

అతను కంచం తోసేసి లేచిపోయాడు. చెదిరిన మెతుకులు ఎత్తుతూ, ఏదో గెలిచినట్టు అనిపిస్తుందేమోనని ఆమె కాసేపు చూసింది. ఏమీ అనిపించలేదు. తెల్లారి కూలికి పిలవడానికొచ్చే ఆడవాళ్లకు మొహం ఎలా చూపించాలో మాత్రం తెలియలేదు.