నాలుగు గజాల తటపటాయింపు

విచారణ గదిలో ఎస్తేరు రాణి తటపటాయింపు నాలుగు గజాలు వస్తుంది. గుమాస్తా సోమలింగం టేపుతో రెండుసార్లు కొలిచి ఫైల్లో రాసుకుంటాడు. అది బూడిదరంగులో, తడిపి పిండని దుప్పటిలా, ఎస్తేరు కుర్చీ దగ్గర మొదలై తలుపు దాకా పరుచుకుని ఉంది. ఎవరూ దాన్ని తొక్కరు.

వరూధిని దానికి ఇవతల కూర్చుని ఉంది. బందరులోని ఈ ఆడపిల్లల హైస్కూల్లో ఆమె పంతొమ్మిదేళ్లుగా ఇంగ్లీషు చెబుతోంది. ఎస్తేరు లెక్కలు చెబుతుంది. అన్నేళ్లూ ఇద్దరూ ఒకే బల్ల దగ్గర అన్నం తిన్నారు. వరూధినికి ఆపరేషన్ అయినప్పుడు పదకొండు రోజులు ఆసుపత్రికి వచ్చి జడ వేసింది ఎస్తేరే.

పదో తరగతి పరీక్షలో వరూధిని ఒకమ్మాయికి జవాబులు చెప్పిందని ఆకాశరామన్న ఉత్తరం వచ్చింది. ఆ పరీక్ష గదిలో ఆమెతోపాటు డ్యూటీ చేసింది ఎస్తేరు ఒక్కతే. "ఆవిడ చెప్పారా?" అని విచారణకు వచ్చిన అధికారి ఇందాక అడిగాడు. జవాబు ఒక్క మాటే గదా అని వరూధిని నిశ్చింతగా సంచిలో కళ్లజోడు వెతుక్కుంది. అది దొరికి తలెత్తేసరికి నాలుగు గజాలూ నేల మీద ఉన్నాయి.

ఆ తర్వాత ఎస్తేరు "లేదండి" అనే అంది. కానీ ఆ మాట అవతలి అంచునే ఆగిపోయింది. అధికారికి కనిపించింది గానీ వినపడలేదు.

"రిపోర్టు ఇంగ్లీషులో పంపాలి," అంటాడు సోమలింగం, వరూధిని వైపు తిరిగి. "దీన్ని ఏమంటారు మేడం? ఇక్కడ మీకే గదా తెలిసేది."

"హెజిటేట్."

"అర్థం?"

"తటపటాయించడం. అనాలా వద్దా, చెయ్యాలా వద్దా అని ఆగిపోవడం."

"మామూలుగా ఎక్కడ వాడతారండి?"

"ఉత్తరాల చివర. డోంట్ హెజిటేట్ టు ఆస్క్ అని. అంటే, ఏం కావాలన్నా మొహమాటపడకుండా అడగండి అని."

ఆమె గొంతు క్లాసులో ఉన్నట్టే ఉంది. ఆ వాక్యం ఎస్తేరు కొత్తలో ఆమె దగ్గరే నేర్చుకుంది. ఏటా వరూధిని పుట్టినరోజు కార్డు మీద అదే రాస్తుంది.

సోమలింగం పెన్ను ఎత్తి పట్టుకుంటాడు. "టు తర్వాత ఏదో ఒకటి రావాలి గదండి. ఈవిడ ఏం చెయ్యడానికి హెజిటేట్ చేశారని రాయమంటారు?"

"అది ఆగినవాళ్లనే అడగాలి."

ఈసారి ఎస్తేరు ఆగదు.

"లేదు అనే మాట నోట్లోనే ఉంది వరూ. జూన్లో హెచ్ఎం మేడం రిటైరవుతున్నారు గదా. నీ తర్వాత సీనియర్ని నేనే. నువ్వు లేకపోతే ఎట్లా ఉంటదా అనుకున్నా. అంతే. తర్వాత నిజమే చెప్పాగా."

"ఎంతసేపు అనుకున్నావే?"

ఎస్తేరు నేల వైపు చూపిస్తుంది.

"అబద్ధమే చెప్పుండాల్సింది," అంటుంది వరూధిని. "నాలుగు తిట్లు తిట్టి ఊరుకునేదాన్ని."

ఆమెకు ఏడుపు రాదు. జడ మాత్రం కింద నుంచి పాయ తర్వాత పాయ దానంతట అదే విడిపోతూ పైకి వస్తుంది. రబ్బరుబ్యాండు నేల మీద పడుతుంది. ఎవరూ వంగి తీయరు.

అధికారి సంతకం పెట్టి, రేపటి నుంచి మీరు బడికి రానక్కర్లేదని వరూధినితో మర్యాదగా చెబుతాడు. నేల మీది నాలుగు గజాల సాక్ష్యాన్ని బీరువాలో పెట్టాలి, బీరువా చూస్తే చిన్నది. అందుకని వరూధిని ఒక అంచు, ఎస్తేరు ఒక అంచు పట్టుకుని పట్టుచీర మడిచినట్టు మడుస్తారు. ఎన్నోసార్లు కలిసి చేసిన పని కాబట్టి అంచులు సరిగ్గా కలుస్తాయి. ఆఖరి మడత దగ్గర వేళ్లు తగిలినప్పుడు వరూధిని చెయ్యి లాక్కుంటుంది.

గేటు బయట రోడ్డు లేదు. సముద్రం అక్కడిదాకా వచ్చింది. ఒకే ఒక్క అల తాటిచెట్టంత లేచి, విరగకుండా వంగి నిలబడి ఉంది. దాని నీడలో చేపలమ్మే ఆమె గంప దించుకుని కూర్చుంది. వరూధిని ఆ నీడలోకి నడుస్తుంది. వెనక చెప్పుల చప్పుడు వినిపిస్తుంది.

"వరూ, ఒక్క నిమిషం ఆగవే."

"మిమ్మల్నేనమ్మా పిలిచేది," అంటుంది చేపలామె. "ఆవిడ మీకేమవుద్ది?"

"ఏమీ కాదు," అంటుంది వరూధిని. ఆ ప్రశ్నకూ ఈ జవాబుకూ మధ్య వెంట్రుక పట్టేంత సందు కూడా ఉండదు.

అల లోపలి చేపలన్నీ ఆమె వైపు తిరుగుతాయి. వాటికి కనురెప్పలున్నాయి. ఒక్క చేపా రెప్ప వాల్చదు.