చెప్పుదెబ్బ

నెలకో ఆదివారం ఆ నలుగురూ ఎవరో ఒకరి షెడ్డులో చేరేవారు. కొత్తగా కొన్న మెషీనో, క్లాంపో, కనీసం ఒక డ్రిల్లు ముక్కో వెంట తెచ్చేవారు. తెచ్చినవాళ్ళు దాన్ని ఆకాశానికెత్తాలి, మిగతావాళ్ళు నేలకేసి కొట్టాలి, చివరికి అందరూ తలోసారి నడిపి చూడాలి. ఆ సభకున్న నియమం అంతే.

వాళ్ళలో పెద్దవాడు మేస్త్రి. తలుపులూ బీరువాలూ చెయ్యడంలో చెయ్యి తిరిగినవాడు. రెండోవాడు లేతు బావ. మంచం కోడు దగ్గర్నుంచి చపాతీ కర్ర దాకా గుండ్రంగా ఉండేదేదైనా అతని లేతు మెషీను మీద పుట్టాల్సిందే. మేస్త్రికీ అతనికీ చుట్టరికమేమీ లేదు గానీ, పడుచుతనం నుంచీ బావా అంటే బావా అనుకుంటూ పోట్లాడుకుంటున్నారు. మూడోవాడు సోఫాలు చేసేవాడు, అందరికీ తమ్ముడు. నాలుగో మనిషి టీచరమ్మ. బడి నుంచి రిటైరయ్యాక మేస్త్రి దగ్గరే ఓనమాలు దిద్దుకుని, ఇప్పుడు ఫొటో ఫ్రేములూ పిల్లల బొమ్మలూ చేస్తోంది.

మేస్త్రికి చెవులు మందగించి చాలాకాలమైంది. బతుకంతా చిత్రిక మెషీను పక్కన నిలబడ్డవాడికి అదేం వింత కాదు. బొంగురు గొంతులు వినపడేవి. సన్నటి శబ్దాలే కాకెత్తుకుపోయినట్టు పోయాయి. డాక్టరు దగ్గరికి వెళ్దాం రండని భార్య పోరుతుంటే, "వినాల్సింది వినపడుతోందిలే" అని కొట్టిపారేసేవాడు. నలుగురిలో ఉన్నప్పుడు అందరూ నవ్వితే తనూ ఒక క్షణం ఆలస్యంగా నవ్వేవాడు.

ఆ నెల సభ మేస్త్రి షెడ్డులో జరగాలి. దానికి ముందు ఒక మధ్యాహ్నం అతను తలుపు చట్రానికి చెక్క కోస్తున్నాడు. ఆఖరి ముక్క తెగింది. రంపం మెషీను స్విచ్చు ఆపాడు. మోటారు హోరు పడిపోయింది. ఆ తరవాత మిగిలే సన్నటి జుయ్యిమనే శబ్దం అతని చెవికి చేరలేదు. కిటికీలోంచి వెలుతురు పడి, పళ్ళన్నీ కలిసిపోయి, బ్లేడు కదలని పళ్ళెంలా మెరిసింది. దాని మీద ఉండాల్సిన మూతను పనికి అడ్డమని అతనే ఎప్పుడో ఊడదీసి అటకెక్కించాడు. బ్లేడు పక్కన తెగిపడ్డ చెక్క తుంట తియ్యడానికి చెయ్యి చాపాడు.

టీ గ్లాసుతో గుమ్మంలోకి వచ్చిన భార్య అది చూసింది. కేక పెట్టింది. అతను తల తిప్పలేదు. పరుగెత్తి పట్టుకునేంత దగ్గరలో లేడు. ఆమె కాలి చెప్పు తీసి విసిరింది. అది అతని వీపు మీద ఫట్టున తగిలింది.

మేస్త్రి చెయ్యి లాక్కుని గిర్రున తిరిగాడు. కాళ్ళ దగ్గర పెళ్ళాం చెప్పు కనపడింది.

"మొగుణ్ణి చెప్పుతో కొడతావా? పిచ్చి గానీ పట్టిందా నీకు?"

ఆమె వేలితో బల్లవైపు చూపించింది. అతను చూశాడు. కదలడం లేదనుకున్న పళ్ళెంలోంచి రంపం పళ్ళు ఒక్కొక్కటిగా బయటపడుతున్నాయి. బద్ధకంగా ఇంకా కాస్త తిరిగి, బ్లేడు అప్పుడు ఆగింది.

మేస్త్రి స్టూలు మీద కూలబడ్డాడు. కుడిచేతి వేళ్ళను ఎడమచేత్తో పట్టుకుని, ఎవరో అరువిచ్చినవాటిలా అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. భార్య వచ్చి పక్కనే నేల మీద కూర్చుంది. ఆమె చీరంతా టీ ఒలికి ఉంది.

"అరిచానండీ. గొంతు చించుకుని అరిచాను."

"నాకు వినపడలేదే," అన్నాడతను. ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి.

సాయంత్రం రంపం మెషీను మీద పాత టార్పాలిన్ కప్పి తాళ్ళతో కట్టేశాడు. ఇక చాలు, చేతులున్నప్పుడే మానేద్దామనుకున్నాడు.

ఆదివారం ముగ్గురూ వచ్చారు. టీచరమ్మ ఫ్రేము నాలుగు మూలల్నీ ఒక్కసారే బిగించే పట్టీ తెచ్చింది. తమ్ముడు వైరు లేకుండా బ్యాటరీతో నడిచే మేకుల తుపాకీ తెచ్చి, "గాలి గొట్టాన్ని కాళ్ళకి చుట్టుకుని పడే రోజులు పోయాయన్నా" అన్నాడు. లేతు బావ ఏనుగు తొండమంత గొట్టమున్న పొట్టు పీల్చే మెషీను తెచ్చాడు. దాన్ని ఆన్ చెయ్యగానే టీచరమ్మ రుమాలు అందులోకి పోయింది. సంచి విప్పి, పొట్టులో చెయ్యిపెట్టి వెతుకుతూ అందరూ పడీపడీ నవ్వారు. మేస్త్రి నవ్వలేదు.

"ఏం బావా, ఇవాళ మౌనవ్రతమా? ఆ ముసుగులో ఏం దాచావు?" అంటూ లేతు బావ టార్పాలిన్ తాడు మీద చెయ్యి వేశాడు.

"ముట్టుకోకు!"

మేస్త్రి ఒక్కొక్కరి మొహం చూశాడు. దాచి లాభం లేదనిపించింది. "మీ చెల్లెలు నన్ను చెప్పుతో కొట్టింది బావా," అన్నాడు.

తమ్ముడు గతుక్కుమన్నాడు. టీ తెస్తున్న భార్య గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఎందుకు కొట్టిందో అడగవేం? నా వేళ్ళు నాకు మిగల్చడానికి కొట్టింది." అని జరిగిందంతా చెప్పాడు. చెప్పడం అయ్యాక కుడిచెయ్యి చాచి వాళ్ళకు చూపించాడు.

లేతు బావే ముందు తేరుకున్నాడు. "అంత దూరం నుంచి వీపుకే తగిలిందా? మా చెల్లెలి గురికి దణ్ణం పెట్టాలి," అంటూ ఆమెకు నిజంగానే రెండు చేతులూ జోడించాడు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు.

టీచరమ్మ మాత్రం స్టూలు జరుపుకుని మేస్త్రికి ఎదురుగా కూర్చుంది. "వినడానికి ఇంత కష్టంగా ఉందని మాకొక్కసారి చెప్పకపోయారా? ఇవాళ్టి నుంచి ఈ షెడ్డులో ఒకరి తరవాత ఒకరే మాట్లాడాలి. అదీ ఆయన మొహం చూస్తూ. అర్థమైందా?" అంది. బడిపిల్లల్లా ఇద్దరు మగవాళ్ళూ తలూపారు.

వారం తిరక్కుండానే లేతు బావ మిగతా ఇద్దర్నీ వెంటబెట్టుకుని ఒక ఎర్రదీపంతో దిగాడు. మెషీనుకు కరెంటు వెళ్తున్నంతసేపూ అది వెలుగుతుంది. టార్పాలిన్ విప్పి, దాన్ని బల్ల మీద, కంటికెదురుగా బిగించాడు. "వెలుగుతుంటే చెయ్యి పెట్టకు. ఆరితే పెట్టు. అయిపోయింది," అన్నాడు గర్వంగా.

స్విచ్చు వేశారు. దీపం వెలిగింది. స్విచ్చు ఆపారు. దీపం టక్కున ఆరింది. బ్లేడు మాత్రం తన దారిన తను తిరుగుతూనే ఉంది.

"ఈ దీపం అబద్ధం చెప్తోంది," అంది టీచరమ్మ.

లేతు బావ మొహం మాడిపోయింది. "ఊరంతా తిరిగి కొన్నాను!"

"ఊరంతా తిరిగి కొంటే మాత్రం? దీన్ని నమ్మి చెయ్యి పెడితే పని గోవిందా."

ఇద్దరూ మాటా మాటా అనుకుంటుండగా, బల్ల కింద దూరి మోటారు చూస్తున్న తమ్ముడు తల బయటపెట్టాడు. "మీరు పోట్లాట ఆపితే ఒక మాట చెప్తా. మా మెషీన్ల మెకానిక్ దగ్గర మోటారుకు పెట్టే బ్రేకు ఉంది. స్విచ్చు ఆపీ ఆపగానే బ్లేడును పట్టేస్తుంది. అది పెట్టించి, బ్లేడు ఆగాకే దీపం ఆరేలా కలిపించుకుంటే సరిపోదా?"

మేస్త్రి ఒప్పుకోలేదు. "నా చెవుడికి మీరు ఖర్చు పెట్టడమేంటి? నేనేమైనా దిక్కులేనివాణ్ణా?"

"కాదు. దిక్కున్నవాడివే. మేమే ఆ దిక్కు," అన్నాడు లేతు బావ. "నా లేతు కింద దిమ్మ ఎవరు చేసిచ్చారు? ఈవిడకి ఉలి పట్టడం ఎవరు నేర్పారు? వీడి మొదటి సోఫా విరిగి కూర్చున్నవాళ్ళు కిందపడితే, వెళ్ళి వాళ్ళని సముదాయించి బాగుచేసింది ఎవరు? ఈ నెల ముగ్గురం కలిపి ఒక్కటే కొంటున్నాం. నువ్వు అలిగినా కొంటాం."

మేస్త్రి నిచ్చెన వేసుకుని అటకెక్కాడు. బూజు పట్టిన బ్లేడు మూతను వెతికి కిందికి తెచ్చి, చొక్కా అంచుతో తుడిచి బల్ల మీద పెట్టాడు.

మెకానిక్ వచ్చి బ్రేకు బిగించాడు. మూత మళ్ళీ దాని చోటుకి చేరింది. మేస్త్రి ఒక చెక్క కోసి స్విచ్చు ఆపాడు. బ్లేడు ఒక్క మూలుగు మూలిగి నిలిచిపోయింది. దాని వెనకే దీపం ఆరింది. అయినా అతను చెయ్యి పెట్టలేదు. గుమ్మంలో ఉన్న భార్యవైపు చూశాడు. ఆమె చూసి, ఆగిందన్నట్టు తలూపింది. అప్పుడు ఒక కర్రతో తుంటను పక్కకి తోశాడు.

"ఆ వేళ నేను నిన్ను తిట్టాను. నువ్వు నా చెయ్యి నాకు మిగిల్చావు," అన్నాడు అందరి ముందే. "ఎలా చెప్పాలో తెలియక ఇన్నాళ్ళూ ఊరుకున్నాను."

"చెప్పక్కర్లేదు గానీ, ఆ డాక్టరు దగ్గరికి వస్తారా?"

"పద. ఎప్పుడంటే అప్పుడే."

తరవాతి నెల సభ లేతు బావ షెడ్డులో జరిగింది. తమ్ముడు కొత్త సాన మెషీను చూపించాడు. మేస్త్రి వంతు వచ్చింది. అతను తల పక్కకి తిప్పి, చెవి వెనకున్న చిన్న యంత్రాన్ని వేలితో చూపించాడు.

"వినపడుతోందా బావా?" అని లేతు బావ పెద్ద కేక పెట్టాడు.

"అరవకురా నాయనా, చెవి పగిలిపోతోంది!"

దాన్ని తెగ పొగడడం మొదలుపెట్టాడు మేస్త్రి. గోడ మీద గడియారం చప్పుడు చేస్తుందని మరిచేపోయాడట. చిత్రిక పట్టేటప్పుడు చెక్కపొర లేచే చప్పుడు విని పని ఆపి కూర్చున్నాడట. మెషీను వేసేటప్పుడు మాత్రం ఇది తీసి, చెవులు మూసే డిప్పలు పెట్టుకోవాలని డాక్టరు గట్టిగా చెప్పాడట. నేలకేసి కొట్టడానికి ఎవరికీ నోరు రాలేదు. నియమం తప్పిందని కూడా ఎవరూ అనలేదు.

"మీరు లేకపోతే నేను ఈపాటికి పని మానేసి గోడకి చేరబడి ఉండేవాణ్ణి. మీ మేలు మరిచిపోను," అన్నాడు చివర్లో, ఒక్కొక్కరి మొహం చూస్తూ.

ఇంటికి చేరి కాళ్ళు కడుక్కుంటుంటే వంటింట్లోంచి భార్య గొణుగుడు వినపడింది. పొట్టు దులుపుకోకుండా లోపలికి వచ్చాడని, చెప్పి చెప్పి నోరు పడిపోయిందని, ఈ మనిషితో వేగడం తన వల్ల కాదని. వినపడదన్న ధీమాతో ఆమె ఇన్నేళ్ళుగా కడుపారా తిట్టుకుంటోందని అతనికి అప్పుడు తెలిసింది. 'ఏమన్నావు?' అందామని నోరు తెరిచి, మానుకున్నాడు. గుమ్మం బయట పొట్టు దులుపుకుని వచ్చి, కుర్చీలో వెనక్కి వాలి, ఒక్క ముక్క కూడా పోనివ్వకుండా విన్నాడు.