అద్దాల బీరువాలో సామలు

తమ విత్తనాలు తాము తీసుకోవడానికి వేలిముద్ర వెయ్యమన్నాడు ప్రొఫెసర్ లక్ష్మీప్రసాద్.

ఆ మాట విని కృపావతి తలుపు దగ్గరే ఆగిపోయింది. ఆమె ఆ యూనివర్సిటీ విత్తనాల డిపార్ట్‌మెంట్‌లో రీసెర్చి విద్యార్థిని. వరండాలో కూర్చున్న ఇరవై మందీ ఆమె ఊరి ఆడవాళ్ళు. తుపానుకి ఇళ్ళ కప్పులు లేచిపోయి, విత్తనానికి దాచిన సామలన్నీ ముక్కిపోయాయి. ఈ వారం చల్లకపోతే ఈ ఏడు తిండి లేదు.

"మావి మాకివ్వడానికి కాయితమేటి బాబూ?" అంది సోములమ్మ.

"మీవి కావమ్మా, డిపార్ట్‌మెంట్ పెట్టిన కంపెనీవి. పండిందంతా కంపెనీకే ఇస్తామని ఒప్పుకోండి, ఎన్ని కావాలంటే అన్నిస్తాం."

సోములమ్మ కృపావతి వైపు తిరిగింది. "గుంటా, ఇటుకల పండక్కి నీ వొళ్ళో పోసినవి కావేటి అయ్యి?"

అవే. విత్తనాలు చల్లేముందు చేసే ఆ పండక్కి ఇంటింటి విత్తనమూ ఒకే చాటలో కలిపి, దేవత ముందు పెట్టి, అందరికీ పంచుతారు. ఆ తర్వాత ఎవరి గింజ ఏదో ఎవరూ అడగరు. చదువుకి పనికొస్తాయని తన వాటా కృపావతే తెచ్చి డిపార్ట్‌మెంట్ అద్దాల బీరువాలో పెట్టింది. పనికొచ్చాయి, కంపెనీ అమ్మే రంగు పొట్లాలకి!

"ఇది సర్కారు యూనివర్సిటీ కదా సార్?" అంది కృపావతి.

"సర్కారు మన మొహం చూసి ఎన్నేళ్ళయింది? సగం పోస్టులు ఖాళీ. మీ తిప్పలు మీరు పడండన్నారు."

"అయితే నువ్వూ రా బాబూ, అందరం కలిసి సర్కారునే అడుగుదాం!" వెనక వరసలో కూర్చున్న బేబి అరిచింది. ఆడవాళ్ళు గొల్లున నవ్వారు.

ప్రొఫెసర్ నవ్వలేదు. "కృపావతీ, బీరువా తాళం ఇటివ్వు. లేకపోతే నీ పీహెచ్‌డీ ఇక్కడితో సరి."

నాలుగేళ్ళ చదువు. తాళం ఆమె గుప్పిట్లోనే ఉంది. వెళ్ళి బీరువా తెరిచింది.

కంపెనీవన్నవీ కానివీ, ఆ ఊరివీ ఈ ఊరివీ, డబ్బాలన్నీ ఆడవాళ్ళు తెచ్చిన చాటల్లోకి ఒంపేసింది. ఆడవాళ్ళు చేతులు పెట్టి కలిపేశారు.

ప్రొఫెసర్ ఫోన్ చేస్తే పోలీసులొచ్చారు. "ఇందులో కంపెనీ గింజలేవి?" అన్నాడు ఎస్సై. ప్రొఫెసర్ చాట మీదికి వంగి, వంగి, గుప్పెడు తీసి చూసి, మళ్ళీ చాటలోనే పోసేశాడు.

"ఏరుకో బాబూ, మేం కూకుంటాం," అంది సోములమ్మ.

ఏరలేక కృపావతిని జీపెక్కించారు. ఆడవాళ్ళు జీపుకి అడ్డం పడ్డారు.

"నాకోసం అందరూ ఎందుకు? సగంమంది బేగి ఎల్లండి, నేల పదును ఆరిపోతాది!" అని అరిచింది కృపావతి.

సగంమంది కొంగుల్లో సామలు మూట కట్టుకుని కొండెక్కారు. మిగతా సగం జీపు ముందు నుంచి లేవలేదు.