కళ్లు మూసుకున్న సోమవారం

మూడో గది తలుపు లోపలినుంచి దబదబా బాదుతున్న చప్పుడు. తలుపు అంచుల్లోంచి, గదుల్ని చల్లబరిచే అమ్మోనియా గ్యాసు ఘాటు బయటికి పాకుతోంది.

"కోటిరత్నం పిన్నీ! నేలకి వంగి ఉండు! చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకో!" గుమాస్తా ఉదయశ్రీ గొంతు చించుకుని అరిచింది.

తలుపుకి బయట ఇనప గడియ. గడియకి తాళం. ఆఫీసు గోడకి వేలాడే తాళంచెవులు అన్నీ పెట్టి చూసింది. ఒక్కటీ పట్టలేదు. అసలా తాళాన్నే ఆమె ఎప్పుడూ చూడలేదు.

ముఠా మేస్త్రీ రోశయ్య గడ్డపార ఎత్తాడు. "తప్పుకోమ్మా, రెండు దెబ్బల్లో ఊడగొడతా!"

"ఆగు రోశయ్యా!" మేనేజర్ నాగేంద్రబాబు చేతులు బార్లా చాపి తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు. "ఇనుముకి ఇనుము తగిలి నిప్పురవ్వ లేచిందంటే షెడ్డు షెడ్డంతా లేచిపోద్ది. ఫైరింజన్‌కి ఫోన్ చేశాను, దార్లో ఉంది. ఎవరూ కంగారు పడకండి. మంచే జరుగుతుందనుకోండి."

ఆ చివరి మాట ఉదయశ్రీ ప్రతి సోమవారం వినేదే.

గుంటూరు శివార్లలోని ఆ కోల్డ్ స్టోరేజీలో సోమవారం పొద్దుటికి ఒక ఆచారం ఉంది. వారంలో మొదటి మిర్చి బస్తా బయటికి రావడాన్ని బోణీ అంటారు. చిరిగిన బస్తాలు కుట్టే కోటిరత్నం చెయ్యి చల్లనిదని అందరికీ నమ్మకం. పసుపు, కుంకుమ పట్టుకుని ముందుగా ఆమె ఒక్కతే గదిలోకి వెళ్తుంది, ఒక బస్తాకి బొట్టు పెడుతుంది, ఆ తర్వాతే హమాలీలు అడుగు పెడతారు. బోణీ అయ్యేదాకా ఎవరూ చెడ్డ మాట అనకూడదు.

దీనికి నాగేంద్రబాబు తన వంతు ఒకటి జోడించాడు. విజయవాడలో ఏదో ట్రైనింగుకి వెళ్లొచ్చిన దగ్గర్నుంచీ, కోటిరత్నం లోపల ఉన్నంతసేపూ మిగతా అందర్నీ ముందు వాకిట్లో గుండ్రంగా నిలబెట్టి కళ్లు మూయిస్తున్నాడు. తాను ఆఫీసు అరుగు మీద మైకు పట్టుకుంటాడు. స్పీకర్లోంచి తియ్యటి గొంతు వస్తుంది. "భుజాలు వదులు చేయండి. ఈ వారం మనది. దిగులు గేటు బయటే వదిలేయండి. వెంకటేశ్వరమ్మా, నవ్వమ్మా, నవ్వితే నీ సొమ్మేం పోదు." ఇవాళ కూడా ఆ మాటా, దాని వెనకే చిన్న దగ్గూ వినిపించగానే అందరూ కళ్లు మూసుకునే కిసుక్కుమన్నారు. ఉదయశ్రీ కూడా నవ్వింది. ఆ నవ్వు ఆగకముందే వెనక షెడ్డులోంచి కోటిరత్నం కేక వినిపించింది.

మెషిన్ రూమ్ వైపునుంచి ఆపరేటర్ అంకమ్మరావు తలుపు దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. "గది బయటున్న వాల్వ్ ఎవరో తిప్పేశారు! లోపలి పైపు మూత కూడా ముందే వదులు చేసినట్టున్నారు. వాల్వ్ కట్టేశాను గానీ, నిండిన గ్యాసు పోవాలంటే తలుపు తీయాల్సిందే!"

"ఎవరో ఏంట్రా?" నాగేంద్రబాబు గొంతు పెంచాడు. "మేమంతా వాకిట్లో ఉన్నాం. అక్కడ లేనిది నువ్వొక్కడివే."

గడ్డపార కింద పడింది. రోశయ్య అంకమ్మరావు కాలరు పట్టుకున్నాడు. "ఏరా, మొన్న తాగొచ్చావని పిన్ని నలుగురిలో కడిగేసిందని మనసులో పెట్టుకున్నావా?"

"ఒరేయ్, ఆవిడ క్యారేజీలో అన్నం తిన్న నోరురా ఇది! కొడితే తర్వాత కొట్టుకో, ముందు తలుపు తియ్యండిరా!"

లోపలి చప్పుడు నెమ్మదించింది. దబదబా కాదిప్పుడు. ఒక దెబ్బ. చాలాసేపటికి ఇంకోటి.

కాయలు ఏరే ఫెబా గోడకి జారగిలబడి ఏడుస్తోంది. "వెంకటేశ్వరమ్మక్కకి ఏమని చెప్పాలి? పిన్నికి తోడబుట్టింది కదా! పాపం అక్క పేరున అభిషేకం చేయిస్తానని తెల్లారకముందే అమరావతి బస్సెక్కింది."

ఉదయశ్రీ గిరుక్కున తిరిగింది. "వెంకటేశ్వరమ్మ ఇవాళ రాలేదా?"

"లేదక్కా. పొద్దున ఫోన్ చేసి చెప్పింది."

రాని మనిషిని నవ్వమన్నదెవరు?

శనివారం సాయంత్రం కళ్లముందు కదిలింది. కోటిరత్నం ఆమెను పక్కకి పిలిచి, "దర్శి రైతుల తేజ రకం కాయలున్న బస్తాలమ్మా ఇవి. ఈ కుట్టు నాది కాదు. విప్పి చూస్తే లోపల రంగు పోయిన తాలుకాయ. ఎవడో మార్చేశాడు," అంది. ఉదయశ్రీ ఆ మాట ఒక్కరికే చెప్పింది. ఆ మనిషి చిరునవ్వు నవ్వి, "వారం మొదట్లో ఈ గోల ఎందుకమ్మా? సోమవారం బోణీ కానివ్వు, నేను చూసుకుంటాను," అన్నాడు.

లోపలినుంచి ఇంకో దెబ్బ. తలుపు మీద కాదు, నేల మీద పడ్డట్టుంది.

"సార్," అంది ఉదయశ్రీ. "ఇందాక వెంకటేశ్వరమ్మని నవ్వమన్నారు."

"అవును, అయితే?"

"ఆవిడ రాలేదు సార్."

నాగేంద్రబాబు పెదాల మీది నవ్వు అక్కడే ఆగిపోయింది. "అలవాటులో వచ్చేసుంటుంది. ఇప్పుడా ఇవన్నీ?"

"ఆ మాట తర్వాత పోయిన సోమవారం మీకు దగ్గొచ్చింది. ఇవాళ కూడా సరిగ్గా అక్కడే వచ్చింది. మేం విన్నది పోయిన వారం గొంతు. ఫోన్లో రికార్డు చేసి ఇవాళ స్పీకర్‌కి పెట్టారు. మేం కళ్లు మూసుకుని నవ్వుతుంటే, అరుగు మీద ఎవరూ లేరు."

రోశయ్య చేతిలో కాలరు వదులైంది. అందరి తలలూ తలుపు ముందున్న మనిషి వైపు తిరిగాయి.

"ఉదయశ్రీ!" నాగేంద్రబాబు చెయ్యి ప్యాంటు జేబు మీదికి వెళ్లి అక్కడే బిగుసుకుంది. "బోణీ ఇంకా కాలేదు. చెడ్డ మాట నోట రానీయకు."

హమాలీల్లో ఒకరిద్దరు అలవాటు కొద్దీ తల దించుకున్నారు. లోపల ఏ చప్పుడూ లేదు.

ఉదయశ్రీ వంగి గడ్డపార తీసి రోశయ్య చేతిలో పెట్టింది.

"బాబాయ్, అంకమ్మరావుని వదిలెయ్. తాళంచెవి ఆ జేబులో ఉంది, ఇవ్వకపోతే తాళం పగలగొట్టు, ఈ గ్యాసు రవ్వకి అంత తేలిగ్గా అంటుకోదు. పిన్నిని లోపల పెట్టి గ్యాసు వదిలింది ఇతనే." షెడ్డు చివరిదాకా వినపడేలా అరిచింది. "నాగేంద్రబాబు!"