కంపెనీ గేటుకు కట్టిన రెండు ఎడ్లు

బడి వరండాలో కుర్చీలన్నీ బయటినుంచి వచ్చినవాళ్లకే సరిపోయాయి. ఊరివాళ్లను తాడు అవతల నిలబెట్టారు. శాన్ మార్సియల్ ఊరు ఊరంతా ఎండలో నిలబడి తన కొండ మీద నడుస్తున్న వ్యాజ్యాన్ని వింటోంది.

వ్యాజ్యం ఎవరి మధ్య? కొండలో వెండి తవ్వుతానన్న పరాయిదేశపు కంపెనీకీ, మెక్సికో ప్రభుత్వానికీ. ఆ కొండ కింది ఊటే ఊరికి తాగునీరు. తవ్వితే ఊట ఎండిపోతుందని ఊరి సభ వద్దంది. ప్రభుత్వం తప్పక అనుమతి రద్దు చేసింది. మా లాభాలు పోయాయంటూ కంపెనీ, రెండు దేశాల ఒప్పందం చూపించి ప్రభుత్వాన్ని అంతర్జాతీయ పంచాయితీకి ఈడ్చింది. ఆ పంచాయితీ తీర్పరులు ముగ్గురూ ఇవాళ కొండను కళ్లారా చూద్దామని వచ్చారు. కొండ కింద బతికేవాళ్లను మాత్రం ఒక్క మాట అడగరు. ఊరు ఈ కేసులో కక్షిదారు కాదట! పెళ్లికూతుర్ని వీధిలో నిలబెట్టి లోపల పెళ్లి జరిపిస్తున్నారన్నమాట.

కంపెనీ లాయరు లేచి తాడు వైపు వేలు చూపించాడు. ఆ వేలికి ఎదురుగా ఫిదెన్సియా ఉంది. అతని మాటల్ని దుబాసీ పిల్ల ఊరి భాషలోకి మార్చి చెప్పింది.

"ఈ ఊరు మొదట ఒప్పుకుంది. సాక్ష్యం అదుగో, ఆవిడే. జాతరకి కంపెనీ ఇచ్చిన ఎడ్లూ, మొక్కజొన్నలూ, టర్కీ కోళ్లూ చేతులారా అందుకుంది. ఊరంతా కూర్చుని తిన్నారు. తిన్నాక మాట మార్చారు."

ఫిదెన్సియా ఎడ్లను అందుకున్న మాట నిజమే. ఆ ఏడు పునీతుడి జాతర ఆమె ఇంటి వంతు. కంపెనీ మేనేజరు ఎడ్ల కొమ్ములకు పూలు చుట్టి మరీ తోలుకొచ్చాడు. జాతరకు ఎవరేం తెచ్చినా అక్కడ కాదనరు. దాన్ని గెలగెత్స అంటారు. ఇవాళ నువ్వు పెట్టావా, రేపు నీ ఇంట్లో పెళ్లో చావో వస్తే అంతకంత తిరిగి పెడతాం. ఈయన ఇంటికీ ఓ రోజు పెడదాంలే అనుకుని ఆమె పలుపులు అందుకుంది. తిరిగి పుచ్చుకోని పెట్టుబడి ఒకటుంటుందనీ, కోర్టుల్లో దాని పేరు సమ్మతి అనీ ఆ ఊళ్లో ఎవరికి తెలుసు?

ఆమె చెయ్యెత్తింది. "నేను మాట్లాడతాను."

తీర్పరుల్లో నడుమ కూర్చున్న నెరిసిన జుట్టు ఆవిడ కళ్లెత్తి చూసింది. పక్కవాళ్లు ఏదో గుసగుసలాడారు. దుబాసీ పిల్ల తల దించుకుని, కక్షిదారులు కానివాళ్లు మాట్లాడే వీల్లేదని చెప్పింది.

మధ్యాహ్నం ఊరి సభ కూడింది. పిలవకుండానే రాజధాని నుంచి సర్కారు అధికారి వియాసెన్యోర్ వచ్చి కూర్చున్నాడు. మాట తేనెలా మొదలైంది. ఊరు సరేనంటే కంపెనీ కేసు ఎత్తేస్తుందన్నాడు. లేకపోతే దేశం కట్టలేనంత దండుగ పడుతుందనీ, ఆసుపత్రులకూ బళ్లకూ పెట్టాల్సింది దానికే పోతుందనీ చెప్పుకొచ్చాడు. చివరికి తేనె అయిపోయింది.

"మీ మొండితనానికి దేశం మునగాలా?"

సభ పెద్ద నిసెఫోరో ముసలాయన తాపీగా టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. "ఒప్పందం మీద సంతకం పెట్టేటప్పుడు మమ్మల్ని అడిగారా బాబూ? దండుగ కట్టేటప్పుడు గుర్తొచ్చామా?"

సభ గొల్లుమంది. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. హెర్మెలిందా లేచింది. ఫిదెన్సియాకు తోడికోడలు, పొలం గట్టు తగవుతో ఏళ్లుగా మాటల్లేవు. జాతర గొప్ప కోసం ఈవిడ ఊరినే తాకట్టు పెట్టిందని అంది. కొందరు అవునన్నారు. తిన్న నోళ్లన్నీ ఇప్పుడు శుద్ధమైపోయాయా అని ఇంకొందరు ఎదురు తిరిగారు. తాపీ పనివాళ్లు ఒకవైపు, తాటాకు బుట్టలల్లే ఆడవాళ్లు ఒకవైపు, సభ రెండుగా చీలిపోయేలా ఉంది. వియాసెన్యోర్ మీసాల చాటున నవ్వుకుంటున్నాడు. వాడికి కావాల్సిందీ అదే!

ఫిదెన్సియా కూతురు అంపారో పట్నంలో న్యాయశాస్త్రం చదువుతోంది. నేలమీది జనాన్ని ముందుగా, వాళ్ల పద్ధతిలో, బెదిరింపు లేకుండా అడగాలన్న ఒడంబడిక మీదా మన దేశం సంతకం పెట్టిందని చెప్పింది. విందు పెట్టడం అడగడం కాదంది. ఆ మాట తీర్పరులకు రాసి పంపొచ్చు, చదవాలో వద్దో మాత్రం వాళ్ల ఇష్టం.

"చదవకపోతే?" అన్నారెవరో.

అప్పుడు ఫిదెన్సియా లేచింది.

"మనం బాకీ ఉన్నాం. బాకీ ఉన్నంతకాలం వాడు మనల్ని వేలెత్తి చూపిస్తాడు. తిరిగిచ్చేద్దాం."

వియాసెన్యోర్ పకపకా నవ్వాడు. "తిని అరాయించుకున్న ఎడ్లని ఎక్కణ్ణించి తెస్తావమ్మా?"

దున్నే కాలం ముందర ఎద్దును ఇవ్వడమంటే మాటలా? చేతులు నరుక్కుని ఇవ్వడమే. హెర్మెలిందా మళ్లీ లేచింది. ఇంకా ఏం తిడుతుందోనని ఫిదెన్సియా తల వంచుకుంది.

"నా ఎద్దుని తోలుకుపో అక్కా" అంది హెర్మెలిందా. "నేనూ తిన్నాను."

ఇక ఆగేదేముంది! రెండో ఎద్దు నిసెఫోరోది. మొక్కజొన్న ఇంటికింత. టర్కీ కోళ్లయితే, నాది నాదని ఆడవాళ్లు పోట్లాడుకున్నారు.

తెల్లారి తీర్పరులు కొండ మొదట్లో ఉన్న కంపెనీ శిబిరానికి వెళ్లారు. వాళ్ల వెనకే బాకాలూ డోళ్లూ వినిపించాయి. గెలగెత్స తిరిగివ్వడానికి ఎలా వెళ్లాలో అలాగే కదిలింది ఊరు. ముందు మేళం, దాని వెనక పూలు చుట్టిన కొమ్ములతో ఎడ్లు, కోళ్లను గుండెలకు హత్తుకుని అడుగులేస్తున్న ఆడవాళ్లు, మొక్కజొన్న మూటలతో మగవాళ్లు. పోలీసులు డాళ్లు అడ్డం పెట్టారు. ఎద్దుకేం తెలుసు డాలంటే! హెర్మెలిందా ఎద్దు బుస కొట్టి ముందుకే నడిచింది. పోలీసుల వరస విడిపోయింది.

గేటు దగ్గర మేనేజరు ముఖం పాలిపోయింది. ఫిదెన్సియా పలుపు అతని ముందుకు చాచింది.

"అయ్యా, మా జాతరకి నువ్వు పెట్టావు. మేం తిరిగి పెడుతున్నాం. నీకూ మాకూ చెల్లు. మేం తిన్నది విందు. కొండని ఇవ్వలేదు."

మేనేజరు చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"పుచ్చుకోకపోతే వాకిట్లో కట్టేసి పోతాం. అదీ మా పద్ధతే."

ఎడ్లను గేటు ఊచలకు కట్టారు. మొక్కజొన్న మూటలు గుట్టగా పడ్డాయి. నెరిసిన జుట్టు ఆవిడ ఏమిటని అడిగింది. వాళ్లు కక్షిదారులు కారని కంపెనీ లాయరు గబగబా అడ్డొచ్చాడు. దుబాసీ పిల్ల ఒకసారి అతన్ని, ఒకసారి ఎడ్లను చూసింది. తర్వాత ఎవరూ చెప్పమనకుండానే ఫిదెన్సియా అన్న ప్రతి మాటనూ గట్టిగా ఆ దొరల భాషలో చెప్పేసింది. ఆ ఉద్యోగం ఆ క్షణమే ఊడిందని ఆమెకు తెలుసు. తీర్పరి ఆవిడ కలం మూత తీసింది. ఏం రాసుకుందో ఊరికి తెలియదు.

ఫిదెన్సియానూ నిసెఫోరోనూ పెడరెక్కలు విరిచి పట్టుకుని పోలీసు ట్రక్కులోకి ఎక్కించారు. రహదారి అడ్డగించిన నేరమట. మేళం మాత్రం ఆగలేదు. హెర్మెలిందా ట్రక్కు వెంట పరిగెత్తుతూ, ఇంటి సంగతి తను చూసుకుంటానని, పొయ్యి ఆరనివ్వనని అరిచి చెప్పింది.

ట్రక్కు మలుపు తిరిగి పక్క ఊరు లా సియెనెగాలోకి దిగింది. ఆ ఊళ్లో ప్రతి కప్పు మీదా కంపెనీ పంచిన కొత్త రేకులే. ఈ ఊరు మాత్రం మన వెంట రాదని నిసెఫోరో ఎప్పుడూ వాపోయేవాడు. ఎక్కడినుంచో సుత్తుల చప్పుడు వినిపించి ఫిదెన్సియా తలెత్తింది.

జనం కప్పులెక్కి ఉన్నారు. మేకులు పీకి, రేకులు ఒక్కొక్కటే కిందికి దించుతున్నారు.