తొమ్మిది స్పోకుల చక్రాలు

అజయ్ కుమార్‌కు నోరు ఒకటే, మాటలు మాత్రం పూటకొకటి. పొద్దున నల్ల చక్రాలు కావాలంటాడు, మధ్యాహ్నం వెండి రంగంటాడు, దీపాలు పెట్టే వేళకు ఆ రెండూ వద్దు, రాగి రంగులో చూడమంటాడు. నంద్యాల బైపాస్ మీద టైర్ల అంగడి నడుపుకుంటున్న జిలానికి ఆ నెలంతా ఫోను మోగితే చాలు, మళ్లీ ఏ రంగంటాడోనని భయమేసేది.

అజయ్ కారేమో కరెంటు కారు. కాలు మోపితే కన్ను మూసి తెరిచేలోగా వంద వేగం అందుకుంటుంది. కంపెనీ ఇచ్చిన చక్రాలు దానికి చక్కగా అమరాయి. అయినా ఆళ్లగడ్డలో ఎవడిదో పెద్ద డీజిల్ బండి పక్కన నిలబెట్టి ఫోటో తీసుకున్నాడట. అందులో తన కారు పిల్లలాడుకునే బొమ్మలా కనబడిందట. అప్పటినుంచి పట్టింది పిచ్చి.

"నావల్ల కాదు పోప్పా" అనడానికి జిలానికి నోరు రాలేదు. అంగడి ఉన్న జాగా అజయ్ తండ్రి పుల్లయ్య పేరు మీద ఉంది. పేరే ఆయనది. ఖరీదు మొత్తం జిలాని నాయన ఎప్పుడో ఆయన చేతిలో పోశాడు. ఇద్దరూ ఒకే బీడీ పంచుకున్న స్నేహితులు, మన మధ్య కాగితాలేందని ఊరుకున్నారు. నాయన పోయాక జిలాని అడిగినప్పుడల్లా పుల్లయ్య, "రాసిస్తాలేప్పా, జాగా యాడికి పోతాది" అనేవాడు. ఈ ఏడు ఎట్టకేలకు దసరా దాటగానే రిజిస్ట్రేషన్ చేయిస్తానన్నాడు. పిత్రార్జితం కాబట్టి కొడుకూ సంతకం పెట్టాలి. ఆ ఒక్క సంతకం కోసం జిలాని ఆ కొడుకు చక్రాల పిచ్చిని పంటి బిగువున భరిస్తున్నాడు.

ఒకరోజు అజయ్ వచ్చి పాత టైర్ల దొంతి మీద కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.

"జిలానన్నా, రంగు సంగతి తేలిపాయ. రాగి రంగే. ఇంకొకటుంది. జాతకాలు చెప్పే స్వామిని అడిగినా. నా బండి నంబరు కూడితే తొమ్మిది వస్తాది. చక్రానికి తొమ్మిది స్పోకులుండాలంట."

"తిరిగే చక్రంలో స్పోకులు ఎవురప్పా లెక్కబెట్టేది?"

"స్వామి లెక్కబెడ్తాడు."

"అట్లైతే గాలి గూడా ఆయప్పనే కొట్టమను."

అజయ్ నవ్వలేదు. జిలానికి సంతకం గుర్తొచ్చి తనే నవ్వి, ఫోను అందుకున్నాడు.

ఐదు స్పోకులవి కావలసినన్ని ఉన్నాయి, పదివి ఉన్నాయి, ఇరవైవి ఉన్నాయి. తొమ్మిదివి మాత్రం దొరకవు. హైదరాబాదులో నవ్వారు. ఆఖరికి బెంగళూరులో ఒక డీలరు దగ్గర దొరికాయి. బోల్టు రంధ్రాలూ కలిశాయి. అయితే అవి ఇరవై ఒక్క అంగుళాలవి, కారుకు వచ్చినవి పంతొమ్మిది. ఇనుము పెరిగితే ఆ మేరకు రబ్బరు తగ్గాలి, లేకుంటే చక్రం కారు మడ్‌గార్డులకు రాసుకుంటుంది.

"రబ్బరు దోసె మందం మిగుల్తాదప్పా. మన రోడ్లకు ఆగదు."

"దోసె మందమే కదన్నా స్టైలు!"

బెంగళూరు డీలరు ఒక్క మాట అడిగాడు. ఆ కొలతలో టైర్లు రెండు రకాలు, ఎక్కువ బరువు మోసేవి, మామూలువి. బండి బరువెంత?

జిలాని ముందురోజే ఆ కారు బానెట్ ఎత్తి చూశాడు. ఇంజిన్ ఉండాల్సిన చోట సంచులు పెట్టుకునే గుంత ఉంది. "ఇంజినే లేదప్పా దాంట్లో, ఏం బరువుంటాది? మామూలువే పంపు" అన్నాడు. అజయ్ కూడా తలూపి, "ఔ, తేలికే. లేకుంటే అంత ఉరుకుడు యాడిది?" అన్నాడు. నంద్యాలలో ఆ రోజు ఎవరిని అడిగినా అదే చెప్పి ఉండేవారు.

చక్రాలు వచ్చాయి. బిగించేటప్పుడు జాకీ మూలిగింది. దాంట్లో నూనె తగ్గిందేమోలే అనుకున్నాడు జిలాని. నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి, టెంకాయ కొట్టి, అజయ్ కారు ముందుకు ఉరికించాడు. పాత సెట్టు అంగడి వాడికి వదిలేయడం వాడుక. కర్నూలు బేరగాడొకడు వచ్చి దాన్ని కొనుక్కుపోయాడు.

ఆదివారం అజయ్ మళ్లీ వచ్చాడు. "రాన్నా, ఆళ్లగడ్డ దాకా పోయొద్దాం. ఆ డీజిల్ బండోడి మొగం ఎట్లుంటాదో నువ్వు గూడా చూడాల."

కారులో చల్లగా ఉంది, చప్పుడు లేదు. ఇదే సమయమనుకున్నాడు జిలాని.

"అప్పా, దసరా అయినాంక ఆ సంతకం..."

"పెడ్తాలే అన్నా. నీకంటే ఎక్కువా?"

జిలాని గుండెల మీద నుంచి బండ దిగినట్టయింది. అంతలోనే శిరివెళ్ల స్పీడ్ బ్రేకర్ వచ్చింది. అజయ్ తగ్గించలేదు. ఎడమ పక్క రెండు టైర్లూ టపటపమని పేలాయి. కారు కుంటుకుంటూ పోయి రోడ్డు వార నిలిచింది.

స్టెప్నీ కోసం డిక్కీ తీశారు. ఆ కారుకు స్టెప్నీయే ఇవ్వలేదు. శనగ బస్తాల ట్రాక్టరు మీద పోతున్న ఒక ముసలి రైతు ఆపుకుని దిగి, వంగి చక్రం చూశాడు.

"ఏందప్పా, టైరు ఏసేది మర్సిపోయినారా? ఉత్త ఇనుమే కనపడ్తాంది."

పక్కన చేరిన ఆటోవాళ్లు ఇకిలించారు. ఒకడు తన జాకీ తెచ్చి పెట్టాడు. అది కారును లేపలేక వంగిపోయింది. "దీని కడుపులో ఏం బెట్టినారన్నా, బండలా?" అన్నాడు వాడు. అజయ్ డోరు తెరిచి, పక్కన అంటించిన చీటీ చదివాడు. చదివిన కొద్దీ అతని ముఖం మాడింది.

"రెండు వేల మూడు వందల కేజీలు. కింద పరుపు మాదిరి బ్యాటరీ పరిచినారు. నువ్వేమో తేలికంటివి!"

"నువ్వు తలూపలేదా ఆ పొద్దు?"

"టైర్ల అంగడి పెట్టింది నువ్వా, నేనా?"

జిలాని ఫోను తీసి, కారును లాక్కుపోయే లారీకి కబురు చేశాడు.

ఆ రాత్రి అతని భార్య షంషున్నీసా అన్నం పెడుతూ, ఎప్పటిలా కొడుకు పేరుతో అతన్ని పిలిచి, "ఇర్ఫాన్ అబ్బా, రోషం జాగా కంటే పెద్దది కాదు. తప్పైందని చెప్పి మంచివి తెప్పించు" అంది. జిలాని తెప్పించాడు. ఎక్కువ బరువు మోసే టైర్లు నాలుగు, తన చేతి డబ్బుతోనే. ఒళ్లు వంచి బిగించాడు. అజయ్ కారు చుట్టూ తిరిగి చూశాడు. ఒకసారి వంగాడు. గడ్డం గోక్కున్నాడు.

"బాగుంది గానీ అన్నా, స్వామి మళ్లా లెక్కేసినాడు. తొమ్మిది కాదంట, ఐదంట. తొమ్మిదిలోనే టైర్లు పేలినాయి కదా. పాత చక్రాలకు ఐదే ఉన్నెట్టుంది. అవే బిగించు."

"అమ్మేసినా కదప్పా."

"ఐదువి ఇంకేమన్నా చూడు. ఈసారి నల్లవి."

జిలాని చేతిలో పానా ఉంది. అంగడి ముందు పంక్చర్లకు వచ్చినవాళ్లు ఐదారుగురు కూర్చుని ఉన్నారు. నెల నుంచి మింగిందంతా ఇక ఆగలేదు. పానా నేలకేసి కొట్టాడు.

"నీకు కారెందుకురా? మీ నాయనకు చెప్పి మూడు చక్రాల బండి కొనిపిచ్చుకో. పట్టుకొని తోసుకుంటా నడక నేర్సుకుందువు! దానికి స్పోకులు ఎన్నుండాలో మీ స్వామిని అడుగు!"

కూర్చున్నవాళ్లు పొట్టలు పట్టుకుని నవ్వారు. అజయ్ చప్పుడు చేయని ఆ కారెక్కి చప్పుడు లేకుండానే వెళ్లిపోయాడు.

మర్నాడు పుల్లయ్య వచ్చాడు. స్కూటర్ దిగలేదు.

"వాడు సంతకం పెట్టనంటాండు. నలుగురిలో నడక రానోణ్ని జేస్తివంట."

"మామా, నువ్వన్నా ఆలోచించు. వాడు నన్ను ఎంత తిప్పినాడో నీకు తెలీదా?"

"తెల్సప్పా. నా ఇంట్లోనే ఉండాడు కదా, నన్నూ తిప్పుతాడు. కొడుకు, ఏం జేస్తాం? ఖాళీ చెయ్."

"మరి మా నాయన ఇచ్చిన దుడ్లు?"

పుల్లయ్య అద్దంలో వెనక వచ్చే లారీని చూస్తూ, "ఇన్నేండ్లు అంగడి పెట్టుకుంటివి కదా. బాడిగ కింద పాయెననుకో" అన్నాడు. కిక్కు కొట్టి వెళ్లిపోయాడు.

ఎవరిని పోయి అడగాలి? కాగితం లేదు. సాక్షి కావలసిన నాయన మట్టిలో ఉన్నాడు. పది రోజుల్లో గాలి మిషను పీకి, రేకులు విప్పి, టైర్లు ఆటోలో వేసుకుని పోయాడు జిలాని. అజయ్ కుమార్ అక్కడ కడ్డీల కంచె వేయించాడు. తూర్పున బైపాస్ రోడ్డు, పడమర పుల్లయ్య ప్రహరీ, ఉత్తరాన సిమెంటు గోడౌను, దక్షిణాన మురికి కాలువ. ఆ నడుమ జిలాని పోగొట్టుకున్నది రెండున్నర సెంట్లు.